అచ్చంటే ఖాళీయేనండి

నిన్న మధ్యాహ్నం వెబ్‌సైట్లు తయారుచేసే మా మేనకోడలు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య ఖాళీ ఎక్కువైందని వాళ్ళ పైఅధికారి అన్నాడట. 'గ్యాప్' అన్న మాట పక్కనున్న అంకె తగ్గించింది, అంతే, కాలమ్‌లన్నీ బుద్ధిగా దగ్గరికి జరిగాయి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ ఖాళీ కోసమే ఒకప్పుడు నేను ఉద్యోగం వదులుకున్నాను మరి.

మాది ప్రత్తిపాడు వైపు పల్లె. పత్తికైనా మిరపకైనా సాలుకీ సాలుకీ మధ్య వదిలే ఎడాన్ని మా వైపు అచ్చు అంటారు. చిన్నప్పుడు మిరప నారు నాటుతుంటే, ఇంత చోటు దండగైపోతోందే అని జాలిపడి అచ్చు మధ్యలో కూడా మొక్కలు పెట్టాను. మెచ్చుకుంటాడనుకున్న మా నాన్న గట్టు మీద నుంచే కేకేశాడు.

"ఏమే, అక్కడా నాటితే గుంటక నీ నెత్తి మీద తోలనా?"

కలుపు తీసే గుంటక తిరగాలి, ఎద్దులు నడవాలి, కాయ కోసేవాళ్ళు కూర్చోవాలి, గాలి ఆడాలి. ఆ తిట్టు నాకు జన్మంతా గుర్తుండిపోయింది.

తర్వాత బ్రాడీపేటలో, ప్రెస్సు నడిపి వెబ్‌సైట్లలోకి దిగిన ఒకాయన దగ్గర పనికి కుదిరాను. జనం ఫోన్లలో వెబ్‌సైట్లు చూడడం అప్పుడప్పుడే మొదలైంది. ఇప్పటిలా ఒక్క మాటతో ఖాళీ వచ్చేది కాదు. ప్రతి కాలమ్ వెడల్పులోంచి కాస్త కోసి, పక్కన అంచు వదిలి, చివరిదానికి ఆ అంచు తీసెయ్యాలి, మరిచిపోతే అది జారి కింద పడేది. ఒక విత్తనాల కొట్టు కోసం అలా కిందామీదా పడి మూడు కాలమ్‌లు నిలబెడితే, మా యజమాని వచ్చి చూసి పెదవి విరిచాడు.

"ఇంత చోటు ఊరికే వదిలేశావేంటమ్మా? తీసేస్తే ఇంకో కాలమ్ పడుద్ది."

"అచ్చు లేకపోతే ఎట్టాగండీ?" అన్నాను.

ఆఫీసంతా నవ్వింది. ఆయన ప్రెస్సు మనిషి కదా. "అచ్చంటే కాగితం మీద పడేదమ్మా, ఖాళీ కాదు," అన్నాడు.

"మా ఊళ్ళో అచ్చంటే ఖాళీయేనండి."

తీస్తావా, ఇంకొకరిని పెట్టుకోమంటావా అన్నాడు. తియ్యనన్నాను. టిఫిన్ డబ్బా తీసుకుని వచ్చేశాను. ఖాళీ జాగా కోసం ఉద్యోగం మానుకున్నదాన్ని నిన్నే చూశానని మా అమ్మ చాన్నాళ్ళు దెప్పింది.

ఆ పేజీ నాలుగు కాలమ్‌లతోనే బయటికొచ్చింది. ఫోన్లో చూస్తే మిరప రకం పేరు వెళ్ళి పక్కనున్న పత్తి పేరులో దూరింది. అయినా విత్తనాల కొట్టాయన నిండుగా ఉందని తెగ సంబరపడ్డాడట. నేను గెలిచానని చెప్పను. తప్పు చేశానని మాత్రం చచ్చినా ఒప్పుకోను.

ఇప్పుడు మా ఊళ్ళోనూ ఎద్దులు లేవు, కలుపు మందు కొట్టేస్తున్నారు, అచ్చులు ఇరుకైపోయాయి. మా మేనకోడలికి ఆ మాటే తెలియదు. నా మొహం చూసి, "పోనీ మళ్ళీ పెంచనా అత్తా, ఒక్క నిమిషం పని," అంది. తగ్గించడం ఎంత సులువో పెంచడమూ అంతే సులువు. అందుకేనేమో, దాని కోసం పోట్లాడేవాళ్ళే కనిపించడం లేదు. నా మటుకు నన్ను ఆ యజమాని ఇవాళ పిలిచి అదే కుర్చీ వేసి అదే మాట అడిగినా, మళ్ళీ డబ్బా తీసుకుని వచ్చేస్తాను గానీ, ఆ అచ్చు తియ్యను.