జర ఎనకకు జరుగుండ్రి

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులు ఊరికొకరు ఉంటారు. శంషాబాద్‌లో మసీదు వెనుక గల్లీలో ఉండే బద్రుద్దీన్ పట్టిన కుందేలుకు అసలు కాళ్ళే ఉండవు. తెచ్చి లెక్కబెట్టి చూపించినా ఒప్పుకోడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఆ గల్లీలో లేరు. భార్య ఆమినా అయితే ఆ పని ఎప్పుడో మానేసింది. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది దక్కనీ ఉర్దూ, గల్లీలో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. కానీ మొగుడి మొండితనం మీద విసుగొచ్చినప్పుడు మాత్రం ఆమె ఒక్క తెలుగు సామెత పడేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతుంది.

"ఎవ్వలి ఈపు వాళ్ళకు కనవడదు."

ఎవరి వీపు వాళ్ళకు కనబడనట్టే ఎవరి తప్పు వాళ్ళకు తెలియదని దాని అర్థం. బద్రుద్దీన్‌కు అది తెలుసు. తెలిసినా తనకు కాదన్నట్టే ఉంటాడు.

ఆయన ఎయిర్‌పోర్టులో లోడర్. ప్రయాణికులు అప్పజెప్పిన పెట్టెలను విమానంలోకి ఎక్కించడం, దించడం ఆయన పని. అంతకుముందు కాటేదాన్ గోదాముల్లో మూటలు మోశాడు. ఆయన తండ్రి కూడా అక్కడే హమాలీ. ఆ తండ్రి మోసి మోసి నిటారుగా నిలబడటం మర్చిపోయి, ఆ వంపుతోనే కన్నుమూశాడు. కొత్త ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు బద్రుద్దీన్ మూటల్లోంచి సూట్‌కేసుల్లోకి మారాడు. చక్రాలున్న బరువు, చక్రాల్లేని బరువు, అంతే తేడా అంటాడు. విమానం కడుపులోకి ఎక్కి దిగడమే ఆయన జీవితం, కానీ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నది మాత్రం ఒక్కసారీ లేదు.

బడికి పోయింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు పెట్టెలకు కట్టే ట్యాగుల మీదే నేర్చుకున్నాడు. జె-ఇ-డి అంటే జెద్దా. డి-ఎం-ఎం అంటే దమ్మామ్. ఎం-సి-టి అంటే మస్కట్. కూతురు పుట్టినప్పుడు ఇఖ్రా అని పేరు పెట్టాడు. చదువు అని దాని అర్థం. ఆ పిల్ల పేరుకు తగ్గట్టే చదివింది. చరిత్రతో డిగ్రీ పూర్తి చేసింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఆగలేదు. చదివిన కాలేజీలోనే మ్యూజియం ఉంది. ఈ కాలపు కళాకారులు చేసిన వాటిని తెచ్చి అక్కడ ప్రదర్శనలు పెడతారు. ఆ ప్రదర్శనలు ఎలా పెట్టాలో నేర్పే ఏడాది శిక్షణలో ఇఖ్రా చేరింది. క్యూరేటర్ అవుతానంది.

"అంటే ఏంది? బొమ్మలు గీస్తవా?" అని అడిగాడు తండ్రి.

"గీయను అబ్బా."

"అమ్ముతవా?"

"అమ్మను. ఏది యాడ పెట్టాల్నో, వచ్చినోళ్ళకు ఎట్ల చూపియ్యాల్నో అది నేర్చుకుంటున్న."

"గోడకు మొల కొట్టనీకి ఏడాది చదువా!"

అప్పటినుంచి ఇంట్లో ఆ శిక్షణ పేరు 'మొల చదువు'. బంధువులు అడిగినా అదే చెప్పేవాడు. ఇఖ్రా నవ్వేది. కానీ ఆ నవ్వు రోజురోజుకూ చిన్నదైపోవడం ఆమినా చూసింది.

ఇంతలో రవీందర్ ఒక మాట తెచ్చాడు. అతను ఒకప్పుడు బద్రుద్దీన్ పక్కన నిలబడి పెట్టెలు మోసినవాడే, ఇప్పుడు సూపర్‌వైజర్. టికెట్లు చూసి పెట్టెలు తీసుకునే కౌంటర్లో ఒక ఖాళీ ఉంది, నీ బిడ్డ గురించి పైన చెప్పాను, సోమవారం కల్లా అవునో కాదో చెప్పు అన్నాడు. బద్రుద్దీన్‌కు కాళ్ళు నేల మీద నిలవలేదు. తాత మూట మోశాడు, తండ్రి పెట్టె మోస్తున్నాడు, బిడ్డ కుర్చీలో కూర్చుని ఆ పెట్టెకు ట్యాగు కడుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇఖ్రా ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలపలేదు.

"అబ్బా, ఐతారం మా ప్రదర్శన మొదలైతది. శిక్షణలో ఉన్నోళ్ళకు తలా ఒక గది ఇచ్చిన్రు. నా గది నువ్వు ఒక్కసారి వచ్చి చూడు. చూసినంక వద్దంటే మానేస్త. సోమవారం నేనే పోయి రవీందర్ చాచాకు చెప్త."

"మాట?"

"మాట."

వద్దని చెప్పడానికే ఆదివారం బద్రుద్దీన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. ఆమినాకు జ్వరంగా ఉండి రాలేదు. గడప దగ్గర నిలబడి సామెత కూడా చెప్పలేదు. "జర మంచిగ చూడు" అంది, అంతే.

మ్యూజియం ఒకప్పటి కోళ్ళ ఫారం షెడ్డు. తెల్లగా సున్నం కొట్టి, లోపల గదులు చేసి, పైన దీపాలు పెట్టారు. బద్రుద్దీన్‌కు అది చూడగానే నవ్వొచ్చింది. మొదటి గదిలో మధ్యలో ఒక ఖాళీ కుర్చీ, చుట్టూ దాన్ని చూస్తున్న జనం. కూర్చుందామని పోతే ఎవరో వద్దన్నారు. రెండో గదిలో తెర మీద ఎవరివో చేతులు నల్లా కింద కడుక్కుంటూనే ఉన్నాయి. చాలాసేపు చూసి, "జర నల్లా బంద్ జెయ్యిండ్రి, నీళ్ళు పోతున్నయ్" అన్నాడు. పక్కనున్న పిల్లలు పడీపడీ నవ్వారు. తన అనుమానం నిజమేనని ఆయనకు రూఢి అయిపోయింది. ఇగ బిడ్డ గది ఒకటి చూసేసి, వద్దని చెప్పేసి, మధ్యాహ్నం డ్యూటీకి పోవచ్చు అనుకున్నాడు.

మూడో గది గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు వాటంతటవే ఆగాయి.

లోపల వెలుతురు తక్కువ. పైకప్పు నుంచి నేల దాకా ఒక చాదర్ వేలాడుతోంది. గోడంత చాదర్. పహాడీ షరీఫ్ దర్గాలో ఏటా జరిగే ఉర్సు ఉత్సవంలో నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని, కింద పిల్లలు దూరి నడుస్తుండగా, కొండ మెట్ల మీదుగా పైకి తీసుకుపోయి సమాధికి కప్పే చాదర్ ఆయనకు గుర్తొచ్చింది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచేశాడు. మ్యూజియంలో చెప్పులు విడవాలని ఏ నియమమూ లేదు. గుమ్మం దగ్గరున్న కాపలాదారు గోపయ్య మంఖాల్ ఊరి మనిషి, గుడికైనా దర్గాకైనా మొక్కేవాడు. ఆయనకూ అది తప్పుగా తోచలేదు. వెనకొచ్చినవాళ్ళు ఆ చెప్పులు చూసి తమవీ విడిచారు. కాసేపట్లో ఆ గది ముందు చెప్పుల కుప్ప పడింది.

బద్రుద్దీన్ దగ్గరికి వెళ్ళాడు. అది గుడ్డ కాదు. ట్యాగులు. ఒకదానికొకటి సూదితో కుట్టిన ట్యాగులు, ఎన్నో లెక్క పెట్టడం మనిషివల్ల కాదు. కొన్ని తెల్లగా, కొన్ని పసుపుబారి, కొన్ని చెమటకో వానకో తడిసి సిరా పారి నల్లబడి. జె-ఇ-డి. డి-ఎం-ఎం. ఎం-సి-టి. మళ్ళీ జె-ఇ-డి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ సూట్‌కేసులకు అంటుకుని మిగిలిపోయిన వాటిని ఒక చిత్రకారిణి ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చి కుట్టిందని పక్కన కాగితం మీద రాసి ఉంది. ఆయన ఆ కాగితం చదవలేదు. చదవాల్సింది ఎదురుగానే ఉంది.

చేతిలోంచి ఇట్టే జారిపోయేవి ఇవి. పెట్టె ఎక్కించగానే మర్చిపోయేవాడు. అవన్నీ ఎక్కడికి పోయాయని ఒక్కనాడూ అనుకోలేదు. పోయినవన్నీ ఇక్కడికొచ్చి ఆయన కోసం నిలబడి ఉన్నట్టు ఉంది. ఆయన మెడ ఎత్తి పై కొస దాకా చూస్తూ నిలబడిపోయాడు. భయం కాదు, దుఃఖమూ కాదు. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని మొదటిసారి దర్గా దీపాలు చూసినప్పుడు ఇలాగే అయింది.

వెనుక ఎవరో "అబ్బా!" అన్నారు.

బిడ్డ పిలిచిందనుకుని గబుక్కున తిరిగాడు. బిడ్డ కాదు. మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన ఒక పెద్దామె చాదర్ చూసి నోరు తెరిచి నిలబడింది. దక్కనీలో నాన్నను పిలిచే అబ్బా కాదు, ఆశ్చర్యపోయే తెలుగువాళ్ళ అబ్బా అది. ఆయనకు సిగ్గేసి మళ్ళీ చాదర్ వైపు తిరిగాడు. ఆ తిరగడంలో, దర్గాలో ఎలా చేస్తాడో అలాగే, వంగి చాదర్ అంచు రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ముట్టద్దు! ముట్టద్దు!" గోపయ్య అరిచాడు.

పైన ఎక్కడో ఒక కుట్టు పుటుక్కుమంది. పక్క గదిలోంచి ఇఖ్రా పరుగున వచ్చింది. వెనకే శిక్షణ ఇచ్చే సుమలత మేడం. ఆవిడ కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. అంచు పట్టుకున్న మనిషిని చూసింది, ఇఖ్రా ముఖం చూసింది, సంగతి అర్థం చేసుకుంది.

"ఇఖ్రా, ఈ గది మీది. చెప్పవలసింది మీరే" అంది.

పుట్టినప్పటినుంచి ఆ పిల్ల తండ్రికి ఇది చెయ్యి అని చెప్పింది లేదు. చెప్తే వినే మనిషీ కాదు. పైగా ఈ మనిషి ఇవ్వాళ వద్దనడానికి వచ్చాడు. పదిమందిలో తలవంపులు చేస్తే ఆ వద్దు ఇంకా గట్టిగా వస్తుంది. ఊరుకుంటే చాదర్ చిరుగుతుంది. ఆమె వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"అబ్బా, చెయ్యి తియ్యిండ్రి" అంది. "జర ఎనకకు జరుగుండ్రి. గింత ముందట నిలవడితే మీకూ కానరాదు, ఎనకాలోళ్ళకూ కానరాదు."

ఇంట్లో నువ్వు అనే పిల్ల 'జరుగుండ్రి' అంది. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. బద్రుద్దీన్ ఆ మాట ఎరుగును. పహాడీ షరీఫ్‌లో ముజావర్ జనంతో అనే మాట అది. దర్గాను కనిపెట్టుకుని ఉండేవాడు ముజావర్. దర్గా అతనిది కాదు, లోపల సమాధిలో పడుకున్న పెద్దాయన అతనివాడు కాదు, వచ్చే జనమూ అతని జనం కాదు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో, ఎలా చూస్తే కళ్ళు నిండుతాయో చెప్పడమే అతని పని. ఎంత మొండివాడైనా ముజావర్ జరగమంటే జరుగుతాడు. ఇఖ్రాను భుజం మీద ఎక్కించుకుని ఆ మాట విని బద్రుద్దీన్ ఎన్నోసార్లు జరిగాడు.

ఇప్పుడూ జరిగాడు. అంచు మెల్లగా వదిలి, చేతులు కట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకా" అంది ఇఖ్రా.

ఇంకో అడుగు, మరో అడుగు. నేల మీద చిన్న తెల్ల గుర్తు ఉంది. మడమ దాని మీదికి రాగానే, "ఆ, ఇప్పుడు చూడుండ్రి" అంది.

చూశాడు.

దగ్గరున్నప్పుడు అవి ట్యాగులు. ఇక్కడినుంచి అది వీపు. వంగిన మనిషి వీపు. తెల్ల ట్యాగులు చొక్కా, నల్లబడినవి చెమట మరక, పసుపుబారినవి మెడ. ముఖం లేదు, కాళ్ళు లేవు. పైకప్పు దాకా ఎత్తుకు లేచిన ఒక్క వీపు, కింద నిలబడి చూసే అందరికంటే పెద్దది. వీపు మీద బరువేమీ గీయలేదు. గీయకపోయినా ఉందని తెలుస్తోంది. వేలమంది పెట్టెలు, వాళ్ళు పిల్లలకు కొన్న బొమ్మలు, పెళ్ళిళ్ళకు కొన్న బట్టలు అన్నీ ఆ వంపులోనే ఉన్నాయి.

బద్రుద్దీన్ తన ముఖం ఎన్నోసార్లు అద్దంలో చూసుకున్నాడు, నీళ్ళలో చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా తాను బతికింది తన వీపు మీద, దాన్ని మాత్రం చూడలేదు. ఆమినా రోజూ అనేది గదా, కనవడదని. కనబడింది. ఇంత పెద్దదిగా, ఇంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"అబ్బా!" అన్నాడు.

తెలుగులో ఆశ్చర్యపోయాడో, దక్కనీలో కాటేదాన్ గోదాముల్లో వంగిపోయిన తన తండ్రినే పిలిచాడో ఆయనకే తెలియదు. పక్కనే నిలబడ్డ ఇఖ్రాకూ తెలియలేదు. ఇద్దరూ ఏడ్చారు. గోపయ్య అటు తిరిగి చెప్పులు వరస పెట్టాడు.

బద్రుద్దీన్ కళ్ళు తుడుచుకుని కాలి కింద గుర్తు చూపించి అడిగాడు.

"గిది ఎవరు పెట్టిన్రు?"

"నేనే. దీన్ని ఎంత ఎత్తుకు కట్టాల్నో, దీపం యాడ పెట్టాల్నో, మనిషి యాడ నిలవడితే ఈపు కానొస్తదో చూసి చూసి పెట్టిన. దగ్గరికొస్తే ట్యాగులే, దూరం పోతే మసకే."

"గిదేనా నీ చదువు?"

"గిదే."

బద్రుద్దీన్ ఊడిన కుట్టు చూసి తప్పయిందని సుమలత మేడంకు చెప్పాడు. వేసేద్దాం లెండి అంది ఆవిడ. ఆయన గుమ్మం దగ్గరికి పోయి, లోపలికొచ్చే ప్రతివాళ్ళకూ "ఆ తెల్ల గుర్తు మీదికి పోయి నిలవడుండ్రి" అని చెప్తూ ఉండిపోయాడు. డ్యూటీకి ఆలస్యమైంది.

మర్నాడు పెట్టెల బండి పక్కన రవీందర్ ఆపి అడిగాడు.

"ఏమాయె బద్రన్నా? మీ బిడ్డ ఏమన్నది?"

"బిడ్డ ఏమనలే. నేనే వద్దంటున్న. ఆమెకు నౌకరీ ఉన్నది."

"ఏం నౌకరీ?"

"ముజావర్."

"ఆడపిల్ల ముజావరా?" రవీందర్ నవ్వాడు. "ఇంత మంచి కుర్సీ వద్దంటవా? పరేషాన్ అయితవు చూడు."

బద్రుద్దీన్ పెట్టె దించి, ఒకప్పుడు తనతో పాటు మోసిన ఆ మనిషిని కింది నుంచి పైదాకా చూశాడు.

"రవీందరన్నా, నీ ఈపు నువ్వెప్పుడన్న జూసినవా?"

రవీందర్ ముఖం మాడ్చుకున్నాడు. "తిడుతున్నవా నన్ను?"

"తిడ్తలేను. ఐతారం రా. చెప్పులు ఇడిసి లోపలికి పో" అన్నాడు బద్రుద్దీన్. "యాడ నిలవడాల్నో మా బిడ్డ చెప్తది."