గీత మీద పడ్డ బంతి

లెహోట్కాలో టెన్నిస్ ఇటుకల వల్ల పుట్టింది. కొలిమిలో పగిలిపోయిన ఇటుకలను ఏం చేసుకోవాలో తెలియక ఫ్యాక్టరీ వాళ్ళు పొడి కొట్టించి, ఏటి పక్క బీడులో పరిచి మూడు కోర్టులు వేశారు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, కోర్టులు మాత్రం మిగిలాయి. ఎన్నిసార్లు ఉతికినా ఆ ఊళ్ళో ఎవరి మేజోళ్ళూ తెల్లబడవు.

జెల్మీరా గొండోవా, ఊరందరికీ జెల్కా, ఆ ఎర్రపొడిలోనే నడక నేర్చింది. వాళ్ళమ్మ హెర్మీనా ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేది. అది మూతపడ్డాక కోర్టుల పక్కన క్యాంటీను పెట్టుకుంది. వంటకు మంచి పేరు, నోటికి అంతకంటే పెద్ద పేరు. ఎవరి ఆటైనా సరే, గరిటె పట్టుకుని కిటికీలోంచి తీర్పు చెప్పేది. "పడింది! గీత మీదే పడింది! నేను చూశా!" అని ఆమె అరిచిందంటే ఇక వాదన ఉండేది కాదు. కూతురి ఆటలోనూ అంతే. చిన్నప్పుడోసారి జెల్కా ఒక బంతిని అవుట్ అంటే, హెర్మీనా కిటికీలోంచే ఆ పాయింటు లాగేసింది. పిల్ల ఏడ్చింది. "ఏడువు, ఎవరొద్దన్నారు? బంతి మాత్రం లోపలే పడిందే తల్లీ" అంది.

చదువు అయిందనిపించి జెల్కా ఆటనే బతుకుతెరువు చేసుకుంది. ప్రొఫెషనల్ టెన్నిస్ అనగానే జనానికి విమానాలు, పూలగుత్తులు గుర్తొస్తాయి. జెల్కా చూసింది బస్సులు, ఒక గదిలో నలుగురు అమ్మాయిలు, వాష్‌బేసిన్‌లో ఉతుక్కున్న బట్టలు. టర్కీలో, ఈజిప్టులో చలికాలమంతా ఖాళీగా ఉండే హోటళ్ళ వెనక జరిగే చిన్న పోటీలు ఆడేది. చూసేవాళ్ళు ఇద్దరు తోటమాలులు, ఒక పిల్లి. మొదటి రౌండు గెలవడం, రెండో రౌండులో ఓడడం. ర్యాంకు నూట నలభై దగ్గర మొండిగుర్రంలా ఆగింది. దానిని దాటింది లేదు.

ఊరికి ఇవేమీ తెలియవు. లెహోట్కాలో ప్రతి కరెంటు స్తంభానికీ పంచాయతీ మైకు ఉంటుంది. ముందు బాజాల పాట వేస్తారు, తర్వాత ఆఫీసులో పనిచేసే ఫిలోమేనా గొంతు వినిపిస్తుంది. "శుక్రవారం గుడి ముందు కోడిపెట్టలు అమ్ముతారు. శనివారం పైవీధికి నీళ్ళు రావు. మన జెల్కా ఈజిప్టులో ఒక రష్యా అమ్మాయిని ఓడించింది, చప్పట్లు!" ఊరు ఆ చప్పట్లు కొట్టే వేళకు జెల్కా రెండో రౌండు ఓడి, సంచి సర్దుకుంటూ ఉండేది. ఇంటికొచ్చే రోజు ఒక స్టాపు ముందే బస్సు దిగి, మొక్కజొన్న చేల వెంట నడిచి దొడ్డివైపు నుంచి ఇంట్లోకి వెళ్ళేది. ఓడినందుకు కాదు ఆ సిగ్గు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ అభినందిస్తారు, ప్రతివాళ్ళకూ నిజం విడమర్చాలి, అది ఆమె వల్ల కాదు.

అలా దాక్కున్నా వదిలేవాళ్ళా? సారాకొట్టు ముందు కూర్చునే పెద్దమనుషులు పిలిచి మరీ అడిగేవాళ్ళు.

"ఏమే జెల్కా, టీవీలో ఎప్పుడు కనిపిస్తావే?"

"వాతావరణం చెప్పేటప్పుడు మామా. వెనక నిలబడి గొడుగు పట్టుకుంటా."

వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. ఇంటికెళ్ళి ఏడ్చేది.

ఒక్కసారి మాత్రం టీవీ దాకా వెళ్ళింది. పారిస్‌లో అర్హత పోటీలు, ఆఖరి మ్యాచి. ఇంకొక్క పాయింటు గెలిస్తే అసలు పోటీలోకి వెళుతుంది, లెహోట్కా చరిత్రలో ఎవరూ చూడని చోటికి. అవతలి అమ్మాయి కొట్టిన బంతి జెల్కా వైపు మూలలో పడింది. అవుట్ అన్నారు. మ్యాచి అయిపోయింది, అంపైరు కుర్చీ దిగబోతున్నాడు. జెల్కా వెళ్ళి బంతి పడ్డ గుర్తు చూసింది. వెంట్రుకవాసి గీతను తాకింది. ఎర్రమట్టి ఆటలో ఒక మర్యాద ఉంది. తన వైపు గుర్తును ఆటగత్తె తానే కాలితో చెరిపేసిందంటే, బంతి లోపలే పడిందని ఒప్పుకున్నట్టు, పాయింటు అవతలివాళ్ళది. జెల్కా చెరిపేసింది. ఆ పాయింటు పోయింది, వెనకాలే మ్యాచీ పోయింది.

"మన జెల్కా ఓడిపోయింది. కానీ ఎలా ఓడిపోయిందో వినండి" అంటూ ఫిలోమేనా మైకులో ఏడ్చేసింది. జిల్లా అంతటా పిల్లలకు ఆట నేర్పే మాస్టర్లు ఆ కథ చెప్పడం మొదలుపెట్టారు. జెల్మీరా అవుట్ అంటే అవుటే, పడిందంటే పడినట్టే. భుజం పాడై, ముప్పై దాటాక ఆట మానుకుని ఊరికి తిరిగొచ్చేసరికి ఆమె దగ్గర కప్పులు లేవు, ఆ పేరు ఒక్కటే ఉంది. ఆ పేరు మీదే పిల్లలు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు. ఆ పేరు మీదే ఆమె తలెత్తుకు తిరిగేది.

అయితే ఎవరికీ తెలియనిదొకటుంది. ప్రతి మే నెలాఖరులో పారిస్ ఆటలు వచ్చినప్పుడు జెల్కా టీవీ పెట్టేది కాదు. ఆ రోజు కాలు కదపకుండా ఊరుకుంటే ఏమయ్యేదని ఆలోచించేది. ఊరంతా తన మంచితనాన్ని మెచ్చుకుంటుంటే తాను మాత్రం ఆ మంచితనానికే ఏడుస్తోంది. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుందని తనను తానే తిట్టుకునేది. తిట్టుకున్నాక మళ్ళీ అదే ఆలోచన.

ఇలా ఉండగా క్లబ్బు జట్టుకు గడ్డురోజులు వచ్చాయి. సెప్టెంబరులో ఆఖరి ఆదివారం జిల్లాకేంద్రం జట్టుతో పోటీ. ఓడితే కింది లీగుకు పడిపోతారు. పడిపోతే ఆడగలిగిన పిల్లలు పట్నం క్లబ్బుకు వెళ్ళిపోతారు, కోర్టుల్లో పచ్చగడ్డి మొలుస్తుంది. మిగతా ఆటలన్నీ సరిసమానంగా తేలి, అంతా జెల్కా మ్యాచి మీద ఆగింది. కెప్టెన్ బోహుష్ ఆమె భుజం తట్టాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చ ఎలాగూ అయిపోయింది, ఇంటైనా గెలువే తల్లీ!"

"అలాగే బాబాయ్. ముందు ఆ చెయ్యి తియ్యి, అది నొప్పి భుజం" అంది జెల్కా.

అవతల సిదోనియా అనే అమ్మాయి, ఇంకా స్కూలు దాటలేదు. కాళ్ళు లేడిపిల్ల కాళ్ళు. ఊరి పోటీల్లో అంపైర్లుండరు, ఎవరి వైపు బంతికి వాళ్ళే తీర్పు. గొడవొస్తేనే రిఫరీని పిలుస్తారు. మూడో సెట్టు చివరికి జెల్కా భుజం నిప్పులు కక్కుతోంది. ఇంకొక్క పాయింటు వస్తే సిదోనియా గెలుస్తుంది. బెంచీల మీద ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

సిదోనియా బంతిని మూలకు కొట్టింది. జెల్కా అందుకోలేదు, కానీ చూసింది. బంతి గీత మీద పడి సున్నం లేచింది. అనుమానానికి తావే లేదు.

"అవుట్!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు కాసేపు తెలియలేదు. వేలు పైకి లేచి ఉంది. పారిస్‌లో వదిలేసిన బంతి ఇన్నేళ్ళకు తిరిగొచ్చింది, ఇది నాదే అని లోపల ఎవరో అన్నట్టనిపించింది. ఇక ఆగలేదు. గీతకు వేలెడు అవతల, ఎప్పటిదో పాత గుర్తు ఉంటే దాని చుట్టూ రాకెట్టుతో సున్నా చుట్టింది.

సిదోనియా నెట్టు చుట్టూ తిరిగి వచ్చింది. గుర్తు చూసింది, గీత చూసింది.

"అత్తా, నాది ఇది కాదేమోనండీ. లైను మీద ఇంకోటుంది..."

"అది ఇందాకటిది."

"అవునా? సరేనండీ. మీరు చూశారుగా."

కంచె అవతల నుంచి ఆ పిల్ల మాస్టరు గంతులేశాడు. "ఒప్పుకోకే సిదా! రిఫరీని పిలువు! పాత గుర్తు చూపించి బురిడీ కొట్టిస్తోంది నిన్ను!"

"ఆవిడ జెల్మీరా గొండోవా సార్! ఆవిడ అలాంటి పని చెయ్యరు" అంది సిదోనియా, ఆయన తెలియక వాగుతున్నట్టు.

బెంచీలు చప్పట్లు కొట్టాయి. "శెభాష్, బుద్ధిగల పిల్ల!" అన్నాడు బోహుష్. జెల్కాకు తల కొట్టేసినట్టయింది. గీత మీది గుర్తు ఆమె బూటుకు జానెడు దూరంలో ఉంది. కాలు జరిపి చెరిపేస్తే చాలు, అంతా సరిపోయేది. కాలు కదల్లేదు. వాళ్ళమ్మ క్యాంటీను కిటికీ నుంచి అరుపేమీ రాలేదన్న సంగతి ఆ సందట్లో ఎవరూ పట్టించుకోలేదు.

జెల్కా గెలిచింది. రేగుపళ్ళ సారా సీసాలు బయటికి వచ్చాయి. పెద్ద కాగులో ఉడుకుతున్న మాంసం పులుసు దగ్గర జనం మూగారు. సిదోనియా వచ్చి చెయ్యి కలిపి, "మీతో ఆడానని మా అమ్మకు చెబుతానండీ" అని సంతోషంగా వెళ్ళింది. జెల్కాకు ఆ పిల్ల ముఖంలోకి చూడడానికి ముఖం చెల్లలేదు.

ఆట అయ్యాక ఎవరి సగం వాళ్ళు ఊడ్చిపోవాలి. లెహోట్కాలో నడక రాని పిల్లకు కూడా ఆ పద్ధతి తెలుసు. ఊడ్చే వలను కంచె పక్క నుంచి మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా లోపలికి లాగుతూ రావాలి. ఎవరూ మధ్యలోంచి మొదలుపెట్టరు. జెల్కా వల తీసుకుని తిన్నగా ఆ మూలకు వెళ్ళి, గీత మీద ముందుకూ వెనక్కూ లాగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అయింది. తలెత్తి చూసేసరికి కోర్టంతా అడుగుల గుర్తులతో ఉంది, ఆ ఒక్క మూల నున్నగా మెరుస్తోంది. ఎదురుగా వాళ్ళమ్మ నిలబడి ఉంది.

హెర్మీనా చేతులు కొంగున తుడుచుకుంది. కోర్టు వంక చూసింది, బెంచీల వంక చూసింది. అందరూ పులుసు దగ్గరున్నారు.

"ఇలా తే."

"అమ్మా..."

"పులుసు అడుగంటుతోంది. వెళ్ళి కలుపు."

ఆమె వల లాక్కుని, కంచె దగ్గరికి వెళ్ళి, మొదటి నుంచీ ఊడ్చుకుంటూ వచ్చింది. ఆ మూల మీదుగా రెండుసార్లు లాగింది. ఇప్పుడు ఎవరు చూసినా కోర్టంతా ఒకేలా ఉంది.

"అమ్మా, నువ్వు చూశావు కదూ?" అంది జెల్కా, ఇంకా కదలకుండా.

"ఎండ కళ్ళలో పడింది. నాకేం కనబడలేదు."

ఎండ క్యాంటీను వెనక నుంచి వస్తోంది. హెర్మీనా నోట అబద్ధం వినడం జెల్కాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఒక పిల్ల దగ్గర పాయింటు కాజేసింది చాలదన్నట్టు, అమ్మ దగ్గరున్న నిజాన్నీ కాజేసింది. ఆ రోజు వాళ్ళమ్మ ఆమె పళ్ళెంలో మంచి మాంసం ముక్కలే వేసింది, ఆమె ముఖం మాత్రం చూడలేదు. జెల్కా తేలు కుట్టిన దొంగలా కూర్చుని అన్నీ తిన్నది.

ఆ తర్వాత జెల్కా తన వైపు ఏ బంతినీ అవుట్ అనలేదు. బెత్తెడు బయట పడ్డా "పడింది" అనేది. "జెల్కాకు కళ్ళు పోయాయిరా" అని ఊళ్ళో జాలిపడ్డారు, పడనిచ్చింది. ఎవరి ఆటలోనూ క్యాంటీను కిటికీలోంచి తీర్పులు రావడం లేదు. హెర్మీనాకు వయసు మీదపడిందని అందరూ అనుకున్నారు.

మరుసటి మే నెలలో సిదోనియా మళ్ళీ వచ్చింది. ఏడాది తిరక్కుండానే జానెడు పొడుగైంది. ఈ పిల్లకు ఆ పాయింటు ఎలాగైనా తిరిగి ఇచ్చేయాలని జెల్కా చలికాలమంతా అనుకుంటూనే ఉంది. నోటితో చెప్పే ధైర్యం ఎలాగూ లేదు, బంతితోనైనా ఇవ్వాలి. రెండో సెట్టులో ఆ అవకాశం వచ్చింది. జెల్కా సర్వ్, స్కోరు చెరి ముప్పై. సిదోనియా కొట్టిన బంతి అరచెయ్యంత బయట పడింది.

"పడింది! పాయింటు నీదే" అంది జెల్కా. గుండె తేలికపడింది.

సిదోనియా నెట్టు చుట్టూ తిరిగి వచ్చింది. వంగి గుర్తు చూసి, దాని చుట్టూ తన రాకెట్టుతో సున్నా చుట్టింది.

"ఇది అవుటండీ అత్తా. ఇంత దూరముంది చూడండి."

"నాకు గీత మీదే అనిపించిందమ్మా. తీసుకో."

"మీరు మంచివాళ్ళు కాబట్టి ఇచ్చేస్తారు. నేనెలా తీసుకుంటానండీ?"

జెల్కా రాకెట్టు దించింది. "సిదా, పోయిన సెప్టెంబరులో, ఆ మూల బంతి..."

"అయ్యో, ఇంకా గుర్తుందా మీకు?" అని ఆ పిల్ల సిగ్గుపడింది. "బస్సులో మా సార్ ఎంత తిట్టారో! తప్పు నాదే, పాత గుర్తు చూసి పొరబడ్డానని చెప్పా. మిమ్మల్ని అనుమానించినట్టు మాట్లాడా, అది మనసులో పెట్టుకోకండి అత్తా."

సిదోనియా పరుగున తన వైపుకు వెళ్ళి నిలబడింది. సర్వ్ చేసేవాళ్ళే స్కోరు చెప్పాలి, ముందు తమది.

"నలభై, ముప్పై" అంది జెల్కా.

"వినపడలేదండీ!" అని సిదోనియా అవతలి నుంచి కేకేసింది. "కొంచెం గట్టిగా చెప్పండి!"

బెంచీలన్నీ ఇటే చూస్తున్నాయి. క్యాంటీను కిటికీలో వాళ్ళమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. జెల్కా మళ్ళీ చెప్పింది, గట్టిగా.