గుప్పిట్లో చెయిన్ ముక్క, మ్యాపులో నల్లరాయి గోడ

నిన్న మధ్యాహ్నం నాచారంలో స్కూటర్‌కు పంక్చర్ వేయిస్తుంటే ఫోన్.

"అన్నా, కామేశ్వరరావు సార్ పోయిన్రు."

"నాతోనే పరాచికాలా బే? పెట్టేయ్ ఫోను" అన్నాను.

జన్మంతా అందరినీ ఆటపట్టించినవాణ్ణి కదా, ఇదీ ఎవరో తీర్చుకుంటున్న బాకీ అనుకున్నాను.

అవతల వాడు ఏడ్చాడు.

స్కూటర్ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. సార్ రాళ్లలో అయస్కాంతం కొలిచే సైంటిస్టు. బాపట్ల నుంచి వచ్చి నాచారంలో అద్దెకు దిగారు. నేను ఉప్పల్ ఊరివాణ్ణి. మెట్రిక్ రెండుసార్లు తప్పి, సార్ పనిచేసే ల్యాబులోనే అటెండర్‌గా చేరాను. పెద్ద సార్ల చెప్పులు తారుమారు చేయడం నా పార్ట్‌టైమ్ ఉద్యోగం.

ఇద్దరం రిటైరయ్యాక కూడా మాటలు ఆగలేదు. మార్స్ మీద రాళ్లలో కూడా అయస్కాంతం ఉందన్న సంగతి గురించి ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు.

"ఒరేయ్ యాదగిరీ, ఆ గ్రహం లోపలి అయస్కాంతం ఎప్పుడో ఆరిపోయిందిరా! పైపొరలో రాళ్లు మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నాయి!"

"సార్, ఒట్టు. ఆడికైతే నేను పోలే" అన్నాను.

నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. అమ్మ, అంటే సార్ భార్య, ఫోన్ లాక్కుని నన్ను కడిగేసింది.

ఆయన అంతగా ఎందుకు నవ్వారో చెప్తాను.

డెబ్బయిల మొదట్లో. చంద్రుడి రాళ్లు భూమి మీదకు కొత్తగా వచ్చిన రోజులు. నాచారం దాటితే పొలాలు, గ్రానైట్ గుట్టలు, తాటిచెట్లు.

మా పని పొలాలకు అడ్డంగా తిన్నగా నడుస్తూ, ఆగి ఆగి భూమి అయస్కాంత బలం కొలవడం. సార్ మెడలో డబ్బా, దాని మీద అంకె. డబ్బా నుంచి వైరు పోయి ఒక కిరోసిన్ సీసాకు తగులుతుంది. అసలు కొలిచేది ఆ సీసానే, పొడుగాటి అల్యూమినియం కర్ర చివర ఉంటుంది. కర్ర నా చేతిలో.

దగ్గర్లో ఇనుముంటే అంకె చెడిపోతుంది. అందుకే బెల్టులు, తాళాలు, వాచీలు జీపులోనే వదిలేయాలి. సార్ అయితే నాడా పైజామాలో వచ్చేవారు. కళ్లజోడు స్క్రూలు పీకేసి దారం కట్టుకున్నారు.

"మీ సార్‌కు ప్యాంటు లేదా ఏంది?" అని నాట్లేసే ఆడవాళ్లు అడిగేవారు.

"ఉన్నది. ఉతికిండు, ఇంకా ఆరలే" అనేవాణ్ణి.

ఒకరోజు బోర్ కొట్టింది. సైకిల్ చెయిన్ ముక్క ఒకటి నడుం దగ్గర దోపుకుని వెళ్లాను. తాటిచెట్ల వరస రాగానే దాన్ని గుప్పిట్లోకి తీసుకుని కర్రను పైన సీసా దగ్గరగా పట్టుకున్నాను. అంకె ఎగిరింది. సార్ కళ్లు కూడా ఎగిరాయి. మస్తు మజా వచ్చింది.

మూడు రోజులు, మేం నడిచిన ప్రతి గీతలోనూ అదే చోట, అదే పని.

నాలుగో రోజు సార్ నన్ను ఉప్పల్‌లో ఇరానీ హోటల్‌కు తీసుకుపోయి చాయ్ చెప్పి బల్ల మీద మ్యాపు పరిచారు.

"చూడరా. మట్టి కింద నల్లరాయి గోడ. పైన ఎక్కడా కనిపించట్లేదు. కరిగిన రాయి చల్లారేటప్పుడు, ఆ రోజు ఉత్తరం ఎటుందో లోపల రాసేసుకుంటుంది. చంద్రుడికి ఇప్పుడు అయస్కాంతం లేదు. అయినా అక్కడి రాళ్లలో ఉంది!"

"మరి ఎవరు పెట్టిన్రు సార్?"

"అదేరా ఎవరికీ తెలియట్లేదు!" అన్నారు. చాయ్ చల్లారిపోయింది, ఆయన చూడలేదు. "వచ్చే శుక్రవారం సెమినార్‌లో ఈ గోడ చూపిస్తా. ఇన్నాళ్లకు నాదంటూ ఒకటి."

నేను కొరికిన బిస్కెట్ తిరిగి సాసర్‌లో పెట్టేశాను.

చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అంతమంది ముందు ఆయన పరువు పోతుంది. మంగళవారం మధ్యాహ్నం దాకా గదుల్లో ఫైళ్లు అటూ ఇటూ మోశాను. చివరికి ఆయన బల్ల ముందు నిలబడి చెయిన్ ముక్క మ్యాపు మీద పెట్టాను.

"గోడ లేదు సార్. ఇదే ఉండె."

సార్ దాన్ని చేత్తో పక్కకు జరిపారు. తర్వాత ఎర్ర పెన్సిల్ తీశారు.

"ఏయే చోట్ల?"

చెప్పాను. ఒక్కొక్కటే కొట్టేశారు. "ప్రతిసారీ ఒకే చోట పెట్టావు కదరా. అందుకే గోడ అంత తిన్నగా వచ్చింది" అన్నారు. తిట్టుంటే బాగుండేది.

లేచి ల్యాబు డైరెక్టర్, మా పెద్దాయన, గదిలోకి వెళ్లారు. నేను తలుపు బయట. లోపల పెద్దాయన అరుపులు వినిపించాయి, ఈ తప్పు చేసిన గాడిద ఎవరని.

"రీడింగులు నావి సార్. తప్పూ నాదే. మళ్లీ కొలుస్తాను."

అంతే. నా పేరు రాలేదు.

మర్నాడు పొద్దున డబ్బా తీసి నా మెడలో వేశారు. కర్ర ఆయన పట్టుకున్నారు. ఎట్లా చదవాలో, ఎట్లా రాయాలో ప్రతి చోటా ఆగి నేర్పారు.

"ఏంరా యాదగిరీ, సార్ కట్టె మోస్తుండు, నువ్వు డబ్బా ఏసుకున్నవ్?" అని పొలంలోంచి మా మామ అరిచాడు.

నేను తల దించుకుని అంకె రాసుకున్నాను.

తాటిచెట్ల దగ్గర అంకె కదల్లేదు. ఉత్త గ్రానైటే. సార్ ఆ చప్పటి మ్యాపునే సెమినార్‌లో పెట్టారు. కింద మూలన, కొలిచినవారు అన్నచోట, తన పేరు పక్కన నా పేరు రాశారు. ఫెయిలైన వాళ్ల లిస్టులో తప్ప నా పేరు అంతకుముందు ఏ కాగితం మీదా పడలేదు. తర్వాత రిటైరయ్యేదాకా ఆ డబ్బా పనే నాకు అన్నం పెట్టింది.

సార్, నన్ను వెళ్లగొట్టడానికి మీకు ఒక్క మాట చాలు. ఆ మాట మీరు అనలేదు. దండం.

హాయిగా నిద్రపోండి సార్. పొద్దున్నే లేచి కొలవాల్సింది ఏమీ లేదు.