బూట్ల మీద మేజోళ్లు

మా వీధి ఒవిలాకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. చలికాలంలో మెట్లెక్కబోయే మనిషి కంటబడితే చాలు, ఆపి, ఉన్ని మేజోళ్లు తొడిగించేదాకా వదలడు. బూట్ల లోపల కాదండీ, బూట్ల మీద! పెళ్లికి పోతున్నా తొడగాల్సిందే, చావుకి పోతున్నా తొడగాల్సిందే.

మాంట్రియల్లో మా పేట మేడమెట్లన్నీ ఇంటి బయటే ఉంటాయి. లోపల పెడితే గదులు ఇరుకవుతాయని ఏ మహానుభావుడికి తోచిందో గానీ, ఇనప మెట్లని వంపు తిప్పి వీధిలోకి దింపేశాడు. డిసెంబరు వచ్చిందంటే పగలు కరిగిన మంచు సాయంత్రానికి మళ్లీ గడ్డకట్టి, మెట్టు మెట్టునా అద్దం పరిచినట్టుంటుంది. ఆ అద్దం మీద జారి నడుమో చెయ్యో విరగ్గొట్టుకోని ఇల్లు మా వీధిలో లేదు. ఉన్ని మంచుని గట్టిగా పట్టుకుంటుందన్న ఒవిలా మాట కూడా అబద్ధమేం కాదు. కానీ నిజమైనా సరే, జుట్టు పట్టుకుని చెబితే ఎవరికి రుచిస్తుంది చెప్పండి?

ఆయన రిటైరైన ట్రాము కండక్టరు. ట్రాములు పోయినా ఆ గొంతు పోలేదు. మేడ కింది వాటాలో ఒక్కడే ఉంటాడు. తలుపు తీస్తే ఎదురుగా మెట్లు. కోటు జేబుల్లో ఎప్పుడూ మేజోళ్లు కుక్కుకుని, కిటికీ దగ్గర కాపు కాసేవాడు. చర్చి సంతలో మిగిలిపోయినవన్నీ పోగుచేశాడేమో, ఒక్కదానికీ జోడీ ఉండేది కాదు. తొడగడం అయ్యాక "రైట్! పోనివ్వండి!" అని అరిచేవాడు. అది వినబడ్డాకే మనిషి కదలాలి.

ఒకసారి కొత్తగా వచ్చిన ఫాదర్ దెరోషే ఇంటింటికీ తిరిగి దీవించడానికి వచ్చాడు. పాపం, ఆయనకి మా వీధి సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఏంటయ్యా ఇది?"

"మేజోళ్లు ఫాదర్. కుడికాలు ఇలా ఇవ్వండి."

"ఒకటి ఎరుపు, ఒకటి పసుపు! ఇవేసుకుని జనం ఇళ్లకి ఎలా వెళ్లనయ్యా? అన్నీ దేవుడు చూసుకుంటాడు, పక్కకి జరుగు."

"ఎందుకు చూసుకోడు? మీకు ముందున్న ఫాదర్‌ని కూడా చూసుకున్నాడు. ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తున్నారు."

ఫాదర్ గబుక్కున కుడికాలు ఇచ్చాడు. ఒవిలా ఆయన చేతిలో ఒక డబ్బా కూడా పెట్టాడు.

"ఇదేంటి మళ్లీ?"

"పొయ్యిలో బూడిద. పోతూ పోతూ మెట్టు మెట్టుకీ ఇంత చల్లండి."

"నుదుట బూడిద పెట్టే బూడిద బుధవారం ఇంకా రాలేదయ్యా!"

"మెట్లకి వచ్చేసింది ఫాదర్. ఇంకో మాట. ఆ పసుపు దానికి చిరుగు పడింది. పై వాటాలో ఉండే ఫ్లెరెట్ గారికి ఇచ్చి కుట్టించి తెచ్చెయ్యండి. కుట్టకుండా తెస్తే ఊరుకోను. రైట్! పోనివ్వండి!"

గుమ్మంలోంచే దీవించి పోదామని వచ్చిన ఫాదర్, చిరుగు కుట్టేదాకా ఫ్లెరెట్ వంటింట్లో కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నవాడు ఊరికే ఉంటాడా? మాంసం కూరి కాల్చిన రొట్టె తిన్నాడు, మళ్లీ కాస్త వడ్డించుకున్నాడు, వాళ్లమ్మ కూడా అచ్చం ఇలాగే చేసేదని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

ఇది ఒక్క ఫాదర్ సంగతే కాదు. ఒవిలా దగ్గర మేజోళ్లు పుచ్చుకున్న ప్రతివాళ్లదీ ఇదే గతి. పోస్టుమాన్ లియోపోల్, పాలవాడు, పక్కింటికి వచ్చిన చుట్టాలు, ఎవరైనా సరే, చిరిగిన మేజోడు పట్టుకుని ఫ్లెరెట్ మేడ ఎక్కి, అది కుట్టేదాకా కూర్చుని రావాల్సిందే. "నా పని పక్కింట్లో కదండీ!" అంటే, "చిరుగు మాత్రం మీ కాలికే ఉంది కదండీ!" అనేవాడు.

ఎదురు తిరిగినవాడు పక్కమేడ రొజేర్ ఒక్కడే. మేజోళ్లూ వద్దు బూడిదా వద్దని, మెట్ల మీద మంచు కరిగిస్తానని ఒకరోజు కాగుతున్న నీళ్లు పైనుంచి కుమ్మరించాడు. ఆవిరి గుప్పుమని లేచింది. "చూశారా ముసలాయనా!" అని మీసం తిప్పాడు. ఆ చలికి, ఆవిరి చల్లారేలోగానే నీళ్లు బిగుసుకుపోయి మెట్లు మొదటికన్నా నున్నగా తయారయ్యాయి. అప్పుడే ఖాళీ బీరు సీసాల పెట్టెతో దిగుతున్న డెలివరీ మనిషి పైమెట్టు మీద కూలబడి, పెట్టెని ఒళ్లో పెట్టుకుని, ఎక్కడా ఆగకుండా సర్రున వీధిలోకి వచ్చేశాడు. మనిషికీ సీసాలకీ దెబ్బ తగల్లేదు గానీ, రొజేర్ పరువుకి గట్టిగానే తగిలింది. మర్నాటినుంచి మేజోళ్లు వేసుకోవడమే కాదు, ఒవిలా కింద నిలబడి గదమాయిస్తుంటే ఇనపగునపంతో ఫ్లెరెట్ మెట్ల మీది మంచు కూడా వాడే పగలగొట్టేవాడు.

ఇక ఫ్లెరెట్ సంగతి చెప్పాలి. భర్త పోయాడు, పిల్లలు లేరు. కిందటి చలికాలం ఆ మెట్ల మీదే జారి తుంటి విరిగి ఆస్పత్రి పాలైంది. ఎముక అతుక్కుంది గానీ భయం అతుక్కుపోయింది. మంచు మొదలైందంటే ఇక వసంతం దాకా గడప దాటేది కాదు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మిగిలిన చలికాలమంతా ఎవరైనా వస్తారేమోనని చెవులు రిక్కించి కూర్చునేది. వీధిలో అడుగుల చప్పుడు వినిపించేది, మెట్ల దాకా వచ్చినట్టే వచ్చి పక్కింటికి పోయేది. గోడతో మాట్లాడితే పిచ్చెక్కిందనుకుంటారని పొయ్యితో మాట్లాడేది. రాత్రికి వండిన సూప్ ఒక్కతే తినలేక మర్నాడు పారబోసేది. ఒంటరితనం అంత బరువుంటుందని ఆమెకి అంతకు ముందు తెలియదు.

ఈ ఏడు మాత్రం ఈ మేజోళ్ల గొడవ వచ్చిపడింది. "ఊరందరి చిరుగులూ నేనే కుట్టాలా? నన్నేమైనా జీతానికి పెట్టుకున్నాడా ఆ ముసలాయన?" అని వచ్చినవాళ్లందరి దగ్గరా తిట్టుకునేది. తిడుతూనే సూప్ వేడి చేసేది. అప్పుడది పారబోయాల్సిన పని ఉండేది కాదు.

జనవరిలో ఆమె చెల్లెలి కూతురు ఉగెట్ కారేసుకుని వచ్చింది. బూట్ల మీద మేజోళ్లతో, చేతిలో బూడిద డబ్బాతో, ముఖం కందగడ్డలా చేసుకుని పైకొచ్చింది.

"పెద్దమ్మా, నది అవతల సిస్టర్ల వృద్ధాశ్రమంలో గది ఖాళీ అవుతోంది. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పెయ్యాలి."

"నాకిక్కడ బాగానే ఉందే."

"ఏం బాగు? ఎవరున్నారు నీకిక్కడ? ఊళ్లోవాళ్ల కంపుమేజోళ్లు కుట్టుకుంటూ కూర్చుంటావా? ఇన్ని కుట్టించుకున్నాడే, ఆ కిందాయన ఒక్కసారైనా పైకొచ్చి 'ఎలా ఉన్నారమ్మా' అని అడిగాడా?"

ఆ మాట ఫ్లెరెట్‌కి చురుక్కున తగిలింది. నిజమే కదా! ఊరంతా వచ్చింది, ఆయన ఒక్కడూ రాలేదు. ఆ ఆశ్రమం ఆమె ఒకసారి చూసింది. హాల్లో ముసలివాళ్లు వరసగా కుర్చీల్లో కూర్చుని తలుపు వైపే చూస్తుంటారు. అక్కడికి పోవాలంటే ప్రాణం పోయినట్టుంటుంది. కానీ ఇక్కడ మాత్రం తను కావలసిందెవరికి? కుట్టుసూదే కదా కావలసింది!

"సరే, ఆదివారం వచ్చెయ్. వస్తాను," అంది ఫ్లెరెట్.

ఉగెట్ వెళ్లిపోయాక, కోపం చల్లారక, ఇంకా కుట్టకుండా మిగిలిన మేజోళ్లు ముందేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఇవి ఇచ్చేస్తే పీడా పోతుంది అనుకుంది. వెలుగులో ఒకటి పట్టుకుని చూస్తే అనుమానం వచ్చింది. మడమ దగ్గర ఉన్ని కొత్తదానిలా ఉంది, చిరుగు మాత్రం వేళ్ల దగ్గర. అరిగిన చిరుగైతే అంచులు పీచుపీచుగా ఉండాలి. ఇది నున్నగా, కోసినట్టుంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. అన్నీ అంతే!

అంతలో లియోపోల్ వచ్చాడు, ఎడం చేతిలో ఆకుపచ్చ మేజోడు.

"ఇది ఎక్కడ చిరిగింది లియోపోల్?"

"నా దగ్గర చిరగలేదండీ. ఇచ్చినప్పుడే ఇలా ఉంది."

"నిజం చెప్పు. అబద్ధమాడితే సూప్ లేదు."

లియోపోల్ సూప్ గిన్నె వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, మళ్లీ గిన్నె వైపే చూశాడు. "నేను చెప్పానని చెప్పకండి మరి. ఆయన జేబులో కత్తెర ఉంటుంది. మాకు ఇచ్చే ముందు అటు తిరిగి కసుక్కున కోస్తాడు. మాకందరికీ తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా? నా చేత ఊరికే వెట్టిచాకిరీ చేయించాడన్నమాట! నాతో పని ఉంటే ఆయనే పైకొచ్చి చెబితే ఏం పోయింది?"

"ఆయనా? మెట్లెక్కడమా?" లియోపోల్ నవ్వాడు. "ఆయనకి మెట్లంటే చచ్చేంత భయమండీ. కిందటేడు మీరు పడ్డప్పుడు అరుపు విని ముందు పరిగెత్తుకొచ్చింది ఆయనే. సగం దాకా ఎక్కాడు. అక్కడ కాళ్లు బిగుసుకుపోయాయి. పైకీ పోలేడు, కిందకీ రాలేడు, కమ్మీ కావలించుకుని నిలబడిపోయాడు. ముందు స్పృహ లేని మిమ్మల్ని దింపి, తర్వాత రొజేరూ నేనూ ఆయన్ని మోసుకుని దింపాం. ఎవరికైనా చెబితే చంపుతానన్నాడు."

ఫ్లెరెట్ గరిట కింద పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడు నేను దిగాక రోజూ ఇదే ప్రశ్నల వాన. ఎంతసేపు కూర్చున్నావు? ఏం పెట్టింది? నవ్విందా? 'నవ్వలేదు, మిమ్మల్ని తిట్టింది' అంటే 'తిట్టిందా? అయితే బాగానే ఉంది' అని సంబరపడిపోతాడు."

"మరి ఆయన దగ్గరికి ఎవరొస్తారు?" అని అడిగింది ఫ్లెరెట్.

లియోపోల్ ఆలోచించాడు. "ఎవరూ రారండీ. గుమ్మంలోనే మేజోళ్లు తొడిగి పంపించేస్తాడు కదా! ఆయన ఇంట్లోకి పోయే పని ఎవరికీ పడదు."

ఒక్కతే సూప్ తినడమంటే ఏమిటో ఆమెకి తెలుసు.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనమంతా వీధిలో ఉన్న వేళ, ఫ్లెరెట్ మేడ తలుపు తెరుచుకుంది. బూట్ల మీద మేజోళ్లు, ఒక చేతిలో బూడిద డబ్బా, మోచేతికి సూప్ గిన్నె ఉన్న సంచీ. దేవుణ్ణి తలుచుకుని పైమెట్టు మీద కూర్చుంది. బూడిద చల్లడం, కూర్చునే కిందికి జరగడం, మళ్లీ చల్లడం, మళ్లీ జరగడం. గౌరవం గల విధవరాలు వీధి నడిమధ్య అలా దిగుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియక అందరం నోళ్లు తెరుచుకుని చూశాం.

కింద ఒవిలా వెర్రెత్తినట్టు అరుస్తున్నాడు. "ఆగండి! ఎవరు దిగమన్నారు మిమ్మల్ని? మేజోళ్లు వేసుకున్నారా?"

"వేసుకున్నాను. చిరగని జత ఒక్కటీ లేదు ఇంట్లో. ఎందుకో మీకే తెలియాలి."

ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. చెయ్యి అందించడానికి ముందుకొచ్చాడు గానీ మొదటి మెట్టు మీద కాలు పెట్టలేకపోయాడు. చెయ్యి మాత్రం అలాగే చాపి ఉంచాడు. ఆమె ఆఖరి మెట్టు దాకా జరిగి, ఆ చెయ్యి పట్టుకుని లేచి నిలబడి, కోటుకంటిన బూడిద దులుపుకుంది.

"రైట్," అంది ఫ్లెరెట్. "తలుపు తియ్యండి. సూప్ చల్లారిపోతోంది."

మధ్యాహ్నం ఉగెట్ వచ్చి మేడ ఎక్కితే తలుపుకి తాళం. కంగారుగా దిగి ఒవిలా తలుపు బాదింది. లోపల ఉన్న ఒక్క కుర్చీలో పెద్దమ్మ, బొగ్గుబకెట్ బోర్లించి దాని మీద ఒవిలా, మధ్యలో ఖాళీ గిన్నె. ఇద్దరూ పేకాడుతూ దొంగాట మీద పోట్లాడుకుంటున్నారు.

"పెద్దమ్మా! సిస్టర్లకి ఏం చెప్పను?"

"రానని చెప్పు తల్లీ. నాకిక్కడ బోలెడు పని ఉంది. వీధివీధంతా చిరుగులే. అది సరే, నువ్వు రా, కూర్చో. నీ మేజోళ్లు ఎలా ఉన్నాయి?"

"నావి నేను కొనుక్కొచ్చిన కొత్తవి! ఎక్కడా చిరగలేదు."

"చిరగలేదా?" ఒవిలా పేకముక్కలు కింద పెట్టి, జేబులో చెయ్యి పెట్టుకుంటూ లేచాడు. "ఏదీ, ఒక్కసారి ఇలా ఇవ్వండి."