బాపును వదలని ఎక్కిళ్లు

ఆర్మూర్ అంచున ఉన్న మా కల్లంలో ఉడకబెట్టిన పసుపు ఆరబోసినప్పుడు మా బాపుకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. చెంబెడు నీళ్లు తాగి మళ్లీ కొమ్ములు తిరగేయడంలో పడ్డాడు. సాయంత్రమైనా అవి ఆగలేదు. అమ్మ ఆయన నోట్లో చక్కెర పోసింది, ఊపిరి బిగబట్టమంది. నేను వెనక నుంచి వెళ్లి వీపు మీద చరిచాను. ఉలిక్కిపడి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఇంకో ఎక్కిలి వచ్చింది.

చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ తేల్చేసింది. "నిన్నెవలో గట్టిగ యాది జేస్తున్నరు. ఎవలో జర సోంచాయించు."

బాపు నిజంగానే ఆలోచించాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన దుబాయిలో తాపీ పని చేశాడు. అప్పుడు ఒకే గదిలో ఉన్న మోర్తాడ్ ఊరి స్నేహితుడు గుర్తొచ్చాడు. తిరిగొచ్చాక ఎవరి సేద్యంలో వాళ్లు పడి మాటలే తగ్గిపోయాయి. ఆ మర్నాడు, అన్నం ముద్ద కూడా సరిగ్గా దిగక బాపు నీరసపడ్డాక, నంబరు కనుక్కుని నేనే ఫోన్ కలిపాను. అవతలాయన బాపు ఎక్కిళ్ల చప్పుడు విని చాలాసేపు నవ్వాడు. తర్వాత గొంతు మార్చి, రేపటికీ తగ్గకపోతే దవాఖానకు పోవాలనీ, తనూ వస్తాననీ చెప్పాడు.

తగ్గలేదు. అన్నట్టే ఆయన వచ్చాడు, అమ్మా నేనూ వెంట వెళ్లాం. దవాఖాన బల్ల మీద స్నేహితులిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నెరిసిన జుట్టు చూసుకుని వెక్కిరించుకున్నారు.

డాక్టరు ఓపికగా వివరించాడు. ఊపిరి తీసుకోవడానికి ఛాతీ కింద ఒక కండరం ఉంటుందట. అది ఉన్నట్టుండి బిగుసుకుంటే గాలి లోపలికి దూసుకొస్తుంది, వెంటనే గొంతు మూసుకుంటుంది, ఆ శబ్దమే ఎక్కిలి. రెండు రోజుల్లోపు తగ్గేవి మామూలువి. అంతకు మించితే కారణం వెతకాలి. నెల దాటితే మొండివి, వాటి వైద్యమే వేరు.

బాపువి రెండు రోజులు దాటేశాయి. గుండె పరీక్ష, రక్తపరీక్ష బాగానే వచ్చాయి. ఈమధ్య కొత్త మందులేమైనా వాడారా అని డాక్టరు అడిగాడు. బాపు మా అమ్మ వైపు చూడకుండా జేబులోంచి ఒక గోలీల అట్ట తీశాడు. మోకాళ్ల నొప్పికని, ఎక్కిళ్లకు ముందు రోజు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి. వాటిలో స్టెరాయిడ్ ఉందనీ, కొందరికి దానివల్ల ఎక్కిళ్లు వస్తాయనీ డాక్టరు చెప్పి, ఆపేయమన్నాడు. ఎక్కిళ్లు తగ్గడానికి వేరే మందు రాశాడు.

బయటికి వచ్చాక అమ్మ మెల్లగా అడిగింది. "మోకాళ్లు నొస్తున్నయని నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఫికర్ చేస్తవని." ఆ చిన్న మాటనూ ఎక్కిలి రెండు ముక్కలు చేసింది.

ఆటో ఎక్కేటప్పుడు అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. నలుగురిలో ఆమె అలా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాటికి ఎక్కిళ్లు పలచబడి, మధ్యాహ్నానికి పూర్తిగా పోయాయి. బాపు రెండుసార్లు అన్నం అడిగి తిన్నాడు. ఆ ఏడు పసుపు తిరగేసే పని అమ్మా నేనూ చూసుకున్నాం. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ మూల ఇంకా పచ్చిగా ఉందో మాకు చూపించేవాడు.