రెండోసారి అడిగితే సున్న

సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడులో పెరిగిన నర్మద, తొంభై మూడులో కరీంనగర్ బస్టాండ్ వెనకాల సుదర్శన్‌రావు పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లో పనికి చేరింది. యూనిక్స్ మీద నడిచే మిషన్ అక్కడ ఒక్కటే. ఓ కాలేజీ విద్యార్థులు పదకొండు వందల మంది వివరాలు ఆరు వారాలు కూర్చుని ఒక్కతే కొట్టింది.

కొత్త పనికి డిస్కులో చోటు లేదు. ఆ వివరాలు టేపుకు ఎక్కించి, డిస్కు మీదివి చెరిపేయాలి. టేపు సరిగా ఎక్కకుండా చెరిపితే ఆరు వారాల కష్టం గంగపాలు.

టేపు కిర్రుకిర్రుమని తిరిగి ఆగింది. టేపుకు ఎక్కించేటప్పుడు మిషన్ చెప్పే మాటలన్నీ ఓ ఫైలులోకి మళ్లించడం అక్కడి అలవాటు. అందుకని తెర మీద ఏమీ పడలేదు.

“అయిపాయె గదా, చెరిపెయ్,” అన్నాడు సుదర్శన్‌రావు.

“జర ఆగుండ్రి సార్. పనైందో లేదో దాన్నే అడుగుత.”

ఎకో, డాలర్, ప్రశ్నార్థకం కొట్టింది. తెర మీద రెండు అనే అంకె పడింది.

“రెండన్న వచ్చినయ్. మా పెద్దోనికి లెక్కలల్ల గవి గూడ రాలే!”

“మార్కులు కావు సార్. సున్న వస్తెనే పని మంచిగైనట్టు. మా బాపు బట్ట తాను చూసి తప్పులు లెక్కపెడ్తడు, గట్లనే. ఇంకే అంకె వచ్చినా ఏదో చెడ్డట్టు.”

సుదర్శన్‌రావుకు నమ్మకం కలగలేదు. కుర్చీ లాక్కుని అదే ప్రశ్న తనే కొట్టాడు. సున్న వచ్చింది.

“సూస్తివా! ఓనర్ అడిగితె సక్కగ చెప్పింది. ఇగ చెరుపుత.”

నర్మదకు నవ్వొచ్చింది, కానీ ఆయన వేళ్లింకా కీబోర్డు మీదే ఉన్నాయి.

“దండం పెడుత, చెయ్యి తియ్యుండ్రి సార్. అది ఆఖరుగ చేసిన పని గురించే చెప్తది. నేనడిగినప్పుడు టేపు సంగతి చెప్పింది. మీరడిగినప్పుడు, ‘ఇందాక రెండు అని చెప్పిన గదా, గా చెప్పుడు మంచిగైంది’ అంటుంది.”

“గట్లయితె చూపియ్.”

లేని ఫైలును చూపమని కొట్టింది. లేదంది మిషన్. అడిగితే రెండు, మళ్లీ అడిగితే సున్న. సుదర్శన్‌రావు తనే మూడుసార్లు చేసి చూశాడు.

“ఓరి దీని! అచ్చం మా బామ్మర్దే. రెండోసారి అడిగితె అంత మంచిగనే ఉన్నదంటడు.”

మళ్లించిన ఫైలు తెరిస్తే, టేపు మధ్యలో రాయలేక ఆగిందని ఉంది. నర్మద కొత్త టేపు పెట్టి మళ్లీ ఎక్కించింది. ఈసారి మొదటిసారి అడగ్గానే సున్న. అయినా టేపులోంచి తిరిగి చదివించి, ఫైళ్లన్నీ ఉన్నాయని సరిచూసుకుంది.

అప్పుడు చెరిపింది. చెరిపే ఆ ఎంటర్ బటన్ మాత్రం సుదర్శన్‌రావును నొక్కనివ్వలేదు.