మా గొర్రె ఎడమ చెవి

మా నాయన శపథం పుణ్యమా అని మా ఇంట్లో మూడేళ్ళు మాంసం కూర ఉడకలేదు. ముదిగుబ్బ పక్కన పల్లె మాది. వరుసగా వానలు ఎగ్గొట్టి, చెనిక్కాయ చేలు మాడి, మేతకు గడ్డిపోచ కూడా లేని ఏడు నాయన మందనంతా సంతలో అమ్మేశాడు. ఇంటికొచ్చి ఖాళీ దొడ్డి ముందర నిలబడి, "నా గాటు గుర్తుండే గొర్రె మళ్ళా నా ముందరికి వచ్చేదాకా మాంసం ముట్టను" అన్నాడు. పెద్దాయన తినంది మేమెట్లా తింటామని అమ్మ కుండ బోర్లించింది. చుట్టాలు ఆయన్ను 'స్వామీ' అని పిలవడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళలో ఆయన చారన్నం తింటుంటే నాకు ఒళ్ళు మండేది. కూర ఒక్కటే అయితే పోనీ అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి మనిషి నవ్వడమే మానేశాడు.

నేనప్పుడు పుట్టపర్తిలో ఒక లాడ్జిలో కౌంటరు పని చేస్తుండేదాన్ని. ఒక విదేశీ జంట వచ్చి దిగింది. భార్య బాబా భక్తురాలు, భర్త వంటవాడు. వాళ్ళు వీగర్లట, అంటే చైనా పడమటి కొసన ఉండే ముసల్మానులు. భార్య భజనకు పోతే ఈయనకు పొద్దు పోక, ఊరు దాటినాక కదిరి రోడ్డులో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని హోటలు పెట్టాడు. అది చూడగానే నాకు కుట్ర పుట్టింది. కొత్త దేశం వంటైతే శపథం కాస్త సడలుతుందేమో! ఉత్త గోధుమపిండి తిండి అని అబద్ధమాడి నాయనను, అమ్మను, అవ్వను ఒక ఆదివారం బస్సెక్కించాను.

వంటాయన మా ముందరే పిండిముద్దను చేతులతో సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసి దారాలు చేశాడు. అవ్వ నోరు తెరిచి చూసింది. "ఈయప్ప వంట చేస్తాండాడా, నూలు వడుకుతాండాడా?" ప్లేటు వచ్చాక ఒక పోగు పట్టుకుని లాగితే అది మోచేతి దాకా వచ్చినా తెగలేదు. అమ్మ గొర్రెమాంసం పలావులో క్యారెట్టు ముక్కలు చూసి, దేశం కాని దేశంలో కూడా వంట తెలియని మగవాళ్ళు ఉంటారని తృప్తిపడింది.

నాయన మాత్రం కూరగాయలేసిన దారాలు తింటూ పలావు గిన్నెను కంచం అవతలికి నెట్టాడు. ఆయన గొర్రెల కాపరి అని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. వంటాయన మొహం వెలిగింది. తమ గొర్రెల తోకలు కొవ్వుతో చేటంత ఉంటాయని చేతులతో చూపించాడు.

"అంత తోకా?" అన్నాడు నాయన. "దాన్ని మోసుకుంటా మేసేదెట్లప్పా? ఎనక బండి కట్టల్లనా?"

గొర్రెల మాట వచ్చాక నాయనను ఆపడం ఎవరి తరం? వంటాయన కదిరి సంతలో కొని పొద్దున కోసిన గొర్రెను చూపిస్తానని ఆయన్ను వెనక్కి తీసుకుపోయాడు. ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు, అయినా మాట్లాడుకుంటూనే పోయారు.

తిరిగొచ్చేటప్పటికి నాయన రెండు చేతుల్లో గొర్రె తలకాయ ఉంది. మా ముందర బల్ల మీద పెట్టాడు. ఎడమ చెవికి రెండు గాట్లు. కాపరుల్లో ఇంటికో గుర్తు ఉంటుంది, ఇది మాది. ఆ గాట్లు పెట్టింది నాయనే.

"మనదే" అన్నాడు. నా కుట్ర నాకే ఎదురుతన్నిందని తెలిసిపోయింది. ఇక ఈ జన్మలో ముట్టడనుకున్నాను. ఆ నిమిషంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు నోట్లో పళ్ళు లేని మా అవ్వ తీర్పు చెప్పింది. "రేయ్, నీ గుర్తుండే గొర్రె నీ ముందరికి వచ్చినాదా లేదా?"

"వచ్చినాది గానీ అమ్మా..."

"కాళ్ళతో నడిచి రావల్లని నువ్వేం అనలేదే! మన సొమ్ము ఊరోళ్ళు తింటాంటే నువ్వు దారాలు తింటాండావు. తిను."

అమ్మ గిన్నెను మెల్లగా ఆయన ముందుకు జరిపింది. నాయన ఒక ముక్క తీసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. కళ్ళ నీళ్ళు కారి పలావులో పడుతున్నా తుడుచుకోలేదు.

"ముదురుకూర" అన్నాడు చివరికి. "యాడ పెట్టినారో, మేత సరిగ్గా పెట్టల్యా." గిన్నె ఖాళీ చేశాడు. మూడేళ్ళ ఆకలి కదా, మాకు మిగిల్చింది క్యారెట్టు ముక్కలే.

వచ్చేటప్పుడు ఆ తలకాయ కావాలని నా చేత అడిగించాడు. వంటాయన పేపర్లో చుట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. బస్సులో నాయన ఆ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు ముక్కు ఎగబీల్చి, ఏముందప్పా దాంట్లో అని అడిగాడు.

"మా గొర్రెప్పా" అన్నాడు నాయన. "ఇంటికి తోలుకపోతాండా."